కుకీ బటర్ ఇంట్లో చేసుకోవడం: నూనె ఎంత, చక్కెర ఎంత, నీళ్ళు ఎందుకు వద్దు

ఈ ఎపిసోడ్‌లో కుకీ బటర్ గురించి మాట్లాడుకుందామండి. బిస్కాఫ్ స్ప్రెడ్ అంటే ఇంకా తొందరగా తెలుస్తుందేమో. గోధుమ రంగులో, దాల్చినచెక్క వాసనతో, చెంచాతో తీస్తే మెల్లగా జారుతుంది చూడండి, అదే. చీజ్‌కేకుల మీదా, మిల్క్‌షేకుల్లోనూ ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తోంది. పిల్లలు ఒకసారి రుచి చూశారంటే వదలరు. సీసా ధర చూస్తే మనకి చెయ్యి వెనక్కి వస్తుంది. అందుకని ఇంట్లో చేసుకుందామని అందరూ వీడియోలు వెతుకుతున్నారు.

ఆ వీడియోల్లో రెండు రకాలు ఉన్నాయి. రెండింటిలోనూ బిస్కెట్లే, రెండూ మిక్సీలోనే తిరుగుతాయి, చివర్లో సీసాలోకి వంపేటప్పుడు చూస్తే రెండూ ఒకేలా నిగనిగలాడుతుంటాయి. కానీ ఒకటి నెల రోజులు అల్మారాలో ఉన్నా ఏమీ కాదు. ఇంకోటి మన ఎండల్లో నాలుగు రోజులకే బూజు పడుతుంది. ఒకటి నూనెతో చేసింది, రెండోది నీళ్ళతోనో పాలతోనో చేసింది. ఈ తేడా తెలియకుండా పిల్లల డబ్బాలో పెడుతున్నారు. ఇంకొంతమంది సీసాల్లో నింపి ఆర్డర్ల మీద అమ్ముతున్నారు కూడా. కాబట్టి చేసే పద్ధతి ఒక్కటే చెప్పి ఊరుకోను, ఎందుకు అలా చెయ్యాలో కూడా చెబుతాను. కాస్త ఓపిగ్గా వినండి.

ముందు పేరు సంగతి. కుకీ బటర్‌లో బటర్ ఉండదండి. పీనట్ బటర్‌లో వెన్న ఉంటుందా? ఉండదు కదా, ఇదీ అంతే. పూసుకునేలా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

దీని సొంత ఊరు బెల్జియం. అక్కడ స్పెక్యులోస్ అని ఒక బిస్కెట్ ఉంది. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో స్పెక్యులాస్ అంటారు, అందులో మసాలా ఎక్కువ. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి, ఏలకులు, ఇలా మన పోపుల పెట్టె సగం అందులోనే ఉంటుంది. డిసెంబరు మొదటి వారంలో వచ్చే సెయింట్ నికోలస్ పండగకి చేసుకునే బిస్కెట్ అది. బెల్జియం వాళ్ళ దాంట్లో మసాలా తక్కువ, కాలిన చక్కెర రుచి ఎక్కువ. 1932లో లెంబెకె అనే ఊళ్ళో యాన్ బోనె అనే ఆయన లోటస్ పేరుతో బేకరీ పెట్టి ఈ బిస్కెట్ చెయ్యడం మొదలుపెట్టారు. బిస్కెట్, కాఫీ రెండు మాటలూ కలిపితే వచ్చిందే బిస్కాఫ్ అన్న పేరు. అమెరికా వెళ్ళొచ్చిన మనవాళ్ళు చాలామందికి విమానంలో కాఫీతో పాటు ఇచ్చే ఎర్రటి చిన్న ప్యాకెట్‌గా ఇది ముందే పరిచయం.

మరి బిస్కెట్ సీసాలోకి ఎలా వెళ్ళింది? బెల్జియంలో పనికి వెళ్ళేవాళ్ళు రొట్టెకి వెన్న రాసి, మధ్యలో ఈ బిస్కెట్లు పెట్టుకుని తీసుకెళ్ళేవారట. మధ్యాహ్నానికి బిస్కెట్లు మెత్తబడి వెన్నలో కలిసిపోయి ముద్దలా అయ్యేవి. 2007లో అక్కడి టీవీలో కొత్త ఆలోచనలు చూపించే ఒక పోటీ కార్యక్రమానికి ఎల్స్ షెపర్స్ అనే ఆవిడ ఈ ముద్దనే స్ప్రెడ్‌గా చేసి తీసుకొచ్చారు. ఆ తర్వాత లోటస్ కంపెనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. దీని మీద పేటెంట్ గొడవ కూడా నడిచింది గానీ 2011కి వచ్చేసరికి అది నిలబడలేదు. అందుకే ఇప్పుడు రకరకాల కంపెనీలు చేసుకుంటున్నాయి. అమెరికాలో ట్రేడర్ జోస్ సీసా మనవాళ్ళ ఇళ్ళలో మామూలే. మన దేశంలో బిస్కెట్ తయారు చేసి అమ్మడానికి లోటస్ వాళ్ళు 2024లో మాండెలీజ్‌తో ఒప్పందం చేసుకున్నారు. చరిత్ర ఇంతటితో చాలు, వంటింట్లోకి వద్దాం.

సీసా వెనక రాసి ఉన్నది చదివితే సగం రెసిపీ అక్కడే దొరుకుతుంది. నిజంగా! బిస్కెట్లు 58 శాతం అని రాసి ఉంటుంది. తర్వాత రేప్‌సీడ్ నూనె, తర్వాత చక్కెర, తర్వాత సోయా లెసిథిన్, చివరగా సిట్రిక్ యాసిడ్. అంతే. ఇందులో నీళ్ళు లేవు, పాలు లేవు, వెన్న లేదు. గమనించారా?

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. స్ప్రెడ్ వంద గ్రాముల్లో కొవ్వు సుమారు 38 గ్రాములు అని అదే సీసా మీద ఉంటుంది. బిస్కెట్లో కొవ్వు 19 శాతం దాకా ఉంటుంది. అంటే 58 గ్రాముల బిస్కెట్లో నుంచి వచ్చేది 11 గ్రాములు. మిగతా 27 గ్రాములూ పైనుంచి పోసిన నూనె అన్నమాట. 58కి 27 కలిపితే 85. మిగిలిన 15లో దాదాపు అంతా చక్కెరే. దీన్ని మన 250 గ్రాముల ప్యాకెట్‌కి మార్చుకుంటే, నూనె సుమారు 115 గ్రాములు, చక్కెర పొడి సుమారు 60 గ్రాములు వస్తుంది. అంతా కలిపితే 425 గ్రాముల స్ప్రెడ్. "రెండు చెంచాల నూనె చాలు, కుకీ బటర్ రెడీ" అని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు చెంచాల నూనెతో అది ముద్ద కట్టదు, పొడిగానే ఉంటుంది. ఆ పొడిని జారుగా చెయ్యడానికే వాళ్ళు చాటుగా నీళ్ళో పాలో పోస్తారు.

నూనె అంత ఎందుకు కావాలని మీకు అనిపించొచ్చు. వేరుశనగ పప్పులు మిక్సీలో వేసి తిప్పుతూ ఉంటే ఏమవుతుంది? ముందు పొడి అవుతుంది, తర్వాత ముద్ద కడుతుంది, ఇంకా తిప్పితే దానంతట అదే జారుగా అయిపోతుంది. ఎందుకంటే వేరుశనగలో దగ్గర దగ్గర సగం నూనే. నువ్వులూ అంతే. బిస్కెట్ అలా కాదు. అందులో ఎక్కువ భాగం పిండి, చక్కెర. ఎంతసేపు తిప్పినా ఉన్న కొద్ది కొవ్వు ఆ పొడి మొత్తానికి సరిపోదు. పొడి రేణువు ఒక్కొక్కటి నూనెలో తేలాలి, అప్పుడే చెంచా మీద నుంచి జారుతుంది. కుకీ బటర్ అంటే నూనెలో తేలే బిస్కెట్ పొడి, ఇంకేం కాదు.

ఇక అసలు విషయం, నీళ్ళు. ఈ నూనె, పొడి మిశ్రమంలో చెంచాడు నీళ్ళు పడ్డాయనుకోండి. జారుగా అవ్వాల్సింది పోయి గట్టిగా బిగుసుకుపోతుంది. చక్కెర ఆ నీళ్ళలో కరిగి జిగురు పాకంలా అవుతుంది, ఆ జిగురుకి రేణువులన్నీ అతుక్కుంటాయి, పిండి మిగతా నీళ్ళు పీల్చుకుంటుంది. కరిగించిన చాక్లెట్‌లో నీటి చుక్క పడితే గడ్డకడుతుంది చూడండి, అదే పని ఇక్కడా జరుగుతుంది. అప్పుడు చేసేవాళ్ళు కంగారుపడి ఇంకొంచెం నీళ్ళు పోస్తారు. అలా పోసుకుంటూ పోతే ఒక దశలో బిస్కెట్ పూర్తిగా నాని, మెత్తగా, నునుపుగా హల్వా ముద్దలా తయారవుతుంది. నిజం చెప్పాలంటే నూనెతో చేసిన దానికన్నా ఇదే నున్నగా కనిపిస్తుంది. ఖర్చూ తక్కువ. మోసపోయేది అక్కడే.

మన ఇళ్ళల్లో ఈ సూత్రం కొత్తదేం కాదండి. సున్నుండలు నెల రోజులు ఉంటాయి. వేయించిన మినప్పిండి, బెల్లమో చక్కెరో, నెయ్యి, ఎక్కడా తడి లేదు. అదే కొబ్బరి ఉండలు? రెండు మూడు రోజులకే వాసన వస్తాయి, ఎందుకంటే పచ్చికొబ్బరిలో నీళ్ళున్నాయి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టారని పెద్దవాళ్ళు ఎందుకు కేకలేస్తారు? బూజుకి కావాల్సింది నీళ్ళు. నీళ్ళు లేని చోట ఎంత తీపి ఉన్నా, ఎంత పిండి ఉన్నా బూజుకి పెరగడం కుదరదు. బిస్కెట్ ఎండుగా ఉన్నంతకాలం ప్యాకెట్‌లో నెలలు ఉంటుంది, తడిపారంటే అది తడిపిన పిండితో సమానం.

అలాగని పాలు, క్రీమ్, కండెన్స్‌డ్ మిల్క్ వేసి చెయ్యడం తప్పని కాదు. రుచిగానే ఉంటుంది. కాకపోతే అది వేరే వంట. ఫ్రిజ్‌లోనే పెట్టాలి, నాలుగైదు రోజుల్లో తినెయ్యాలి, ఎండాకాలం స్కూల్ డబ్బాలో పంపకూడదు. కేకు మీద పొయ్యడానికి ఆ పూటకి చేసుకోండి, ఇబ్బంది లేదు.

ఇప్పుడు చేద్దాం. బిస్కాఫ్ 250 గ్రాముల ప్యాకెట్ ఒకటి. బిస్కెట్ విరిస్తే టక్‌మని విరగాలి. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్ళకి తెలుసు, ప్యాకెట్ విప్పి ఒక పూట వదిలేస్తే గాలికే మెత్తబడిపోతాయి. అలా మెత్తబడితే ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు పెట్టి, లేదా మందపాటి పెనం మీద సన్నని సెగన అటూ ఇటూ తిప్పి, చల్లారాక వాడండి. మిక్సీ జారు, మూత, గరిటె, సీసా, జల్లెడ అన్నీ పొడిబట్టతో తుడిచి ఆరబెట్టినవి కావాలి. జారు బ్లేడు కింద నీళ్ళు దాక్కుంటాయి, అక్కడ చూసుకోండి.

బిస్కెట్లు ముక్కలు చేసి చట్నీ జారులో వేసి, ఇరవై సెకన్లు తిప్పడం, ఆపడం, అంచులు గీకడం, మళ్ళీ తిప్పడం. ఎంత మెత్తగా చేస్తే అంత మంచిది. ఫ్యాక్టరీ యంత్రాలు మన నాలుకకి తెలియనంత సన్నగా నూరుతాయి, మిక్సీకి అంత శక్తి లేదు. కాబట్టి మైదా జల్లెడ పట్టి, పైన మిగిలిన రవ్వని మళ్ళీ తిప్పండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే చాలావరకు నున్నగా వస్తుంది. కొంచెం ఇసకగా తగిలిందంటే తగలనివ్వండి, నాకైతే అదే ఇష్టం. చక్కెర కూడా పొడి కొట్టి జల్లించిందే వెయ్యాలి. పలుకులుగా వేస్తే నూనెలో కరగదు, పంటికింద తగులుతూనే ఉంటుంది. చిటికెడు ఉప్పు, పావు చెంచా దాల్చినచెక్క పొడి. సీసాలో సిట్రిక్ యాసిడ్ ఉంది అనుకున్నాం కదా, అది మన నిమ్మ ఉప్పే. రెండు మూడు పలుకులు చక్కెరతో పాటు నూరితే తీపి మొహం మొత్తకుండా ఉంటుంది. దాని బదులు నిమ్మరసం పిండకండి, అదీ నీళ్ళే కదా.

నూనె ఏది వాడాలి? వాసన లేనిది. రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె సరిపోతుంది. గానుగ వేరుశనగ నూనె, నువ్వుల నూనె మంచివే గానీ వాటి వాసన దాల్చినచెక్కని తొక్కేస్తుంది. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, స్ప్రెడ్ కూడా దాంతో పాటే గడ్డకడుతుంది. వెన్న వద్దు, అందులో ఆరో వంతు దాకా నీళ్ళుంటాయి. నెయ్యిలో నీళ్ళుండవు కాబట్టి పాడవ్వదు, కానీ రుచి మైసూర్‌పాక్ వైపు వెళ్ళిపోతుంది.

నూనెని గోరువెచ్చగా చెయ్యండి. వేలు పెడితే కాలకూడదు. బిస్కెట్లో ఉన్న గట్టి కొవ్వు కూడా కరిగి కలవడానికే ఈ వేడి. ముందు 90 గ్రాముల దాకా, అంటే చిన్న టీ గ్లాసుడు, కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పండి. ముందు తడి ఇసకలా ఉంటుంది, తర్వాత ముద్ద కడుతుంది, ఉన్నట్టుండి జారిపోతుంది. తొందరపడి ఎక్కువ పొయ్యకండి, ఒక్కో చెంచా వేసి నిమిషం తిప్పి చూడండి. దోసె పిండి కన్నా కాస్త జారుగా ఉన్నప్పుడు ఆపాలి. వేడి మీద పల్చగానే కనిపిస్తుంది. చల్లారాక, మూడు నాలుగు గంటలకి చిక్కబడుతుంది. పల్చగా ఉందని అప్పుడే బిస్కెట్ పొడి కలిపేశారంటే తెల్లారేసరికి గట్టి ముద్ద అయిపోతుంది. మిక్సీ వేడెక్కితే ఐదు నిమిషాలు ఆపండి, మోటారు కాలితే ఆ సీసా కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది.

లెసిథిన్ వెయ్యాలా అని అడుగుతారు. అక్కర్లేదు. అది రేణువులకీ నూనెకీ మధ్య ఒద్దిక కుదర్చడానికి వేస్తారు, తక్కువ నూనెతో ఎక్కువ జారుతుంది, నూనె పైకి తేలడం తగ్గుతుంది. మన దాంట్లో వారానికి కాస్త నూనె పైకి తేలుతుంది. పొడి చెంచాతో కలుపుకుంటే సరి.

బిస్కాఫ్ ప్యాకెట్టే ఖరీదు కదా, దాంతో చేస్తే మిగిలేదేముంది అనే ప్రశ్న న్యాయమైనదే. పెద్దగా మిగలదు. మిగలాలంటే మేరీ బిస్కెట్లతో చెయ్యాలి. కానీ మేరీ బిస్కెట్లని ఊరికే నూరితే పాలలో నానిన బిస్కెట్ రుచి వస్తుంది తప్ప ఆ కాలిన చక్కెర రుచి రాదు. దానికి ఒక ఉపాయం ఉంది. కలపాల్సిన 60 గ్రాముల చక్కెరని నీళ్ళు పొయ్యకుండా మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద కరిగించండి. చక్కెర తనంతట తనే కరిగి తేనె రంగుకి, తర్వాత చిక్కటి టీ రంగుకి వస్తుంది. పొగ లేస్తోందంటే చేదెక్కిపోయినట్టే. టీ రంగులో ఉండగానే నూనె రాసిన స్టీలు పళ్ళెంలో పొయ్యండి. చాలా జాగ్రత్తండి, చర్మం మీద పడితే అంటుకుపోయి మరుగునీళ్ళకన్నా ఎక్కువ కాలుస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పది పదిహేను నిమిషాల్లో అద్దంలా గట్టిపడుతుంది. ముక్కలు చేసి వెంటనే పొడి కొట్టి వెంటనే బిస్కెట్ పొడిలో కలిపెయ్యాలి, గాలికి వదిలితే తేమ పీల్చుకుని బంకగా అవుతుంది. దీనికి దాల్చినచెక్క ముప్పావు చెంచా, ఒక్క లవంగం పొడి. మేరీలో కొవ్వు తక్కువ, పది పన్నెండు శాతమే, అందుకని నూనె ఇరవై గ్రాములు ఎక్కువ పడుతుంది. బెల్లంతో చెయ్యొచ్చా అంటే, బెల్లంలో తేమ ఉంటుంది, ముద్ద బిగుసుకుంటుంది. పచ్చి మైదా కలిపి చిక్కగా చేసేవాళ్ళూ ఉన్నారు, అది మాత్రం చెయ్యకండి. ఉడకని పిండి పచ్చిగా తినే వస్తువు కాదు, కడుపు పాడవుతుంది.

నూనెతో చేసింది పొడి సీసాలో, గట్టి మూతతో, పొయ్యికి దూరంగా పెడితే నెల రోజులు బాగుంటుంది. ఫ్రిజ్ అక్కర్లేదు. పైగా ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తీసి మూత విప్పితే లోపల తేమ పడుతుంది. నెల దాటాక బూజు భయం కన్నా పాత నూనె వాసన భయం ఎక్కువ. అది వస్తే పారెయ్యడమే.

అమ్మేవాళ్ళకి రెండు మాటలు. ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, సీసా మీద ఏమేం వేశారో, ఎప్పుడు చేశారో రాయాలి. పాలు కలిపిన దాన్ని "నెల నిల్వ" అని అమ్మడం కొనేవాళ్ళ ప్రాణంతో ఆట. గోధుమ ఉంది, సోయా ఉండొచ్చు, ఇవి పడనివాళ్ళు ఉంటారు. ఇంకోటి, అమెరికాలో చాలా స్కూళ్ళలో వేరుశనగ తీసుకురానివ్వరు కాబట్టి మనవాళ్ళు పిల్లలకి పీనట్ బటర్ బదులు దీన్ని పెడుతున్నారు. ఆలోచన బాగానే ఉంది. కానీ ఇంట్లో చేసేటప్పుడు పొద్దున పల్లీ చట్నీ నూరిన జారులోనే దీన్ని నూరితే ఏం లాభం? వేరుశనగ పడని పిల్లలకి ఆ మిగిలిన కొంచెమే ఆసుపత్రి దాకా తీసుకెళ్ళొచ్చు. అలాంటి పిల్లలు ఇంట్లో ఉన్నా, క్లాసులో ఉన్నా దీనికి వేరే జారు పెట్టండి. కొన్న సీసా అయితే వెనక హెచ్చరిక చదవండి.

ఎంత తినొచ్చు అంటే, ఒక పెద్ద చెంచా, అంటే 15 గ్రాముల్లో దాదాపు 88 కేలరీలు, ఐదున్నర గ్రాముల చక్కెర. ఇంట్లో చేసినా ఇంచుమించు అంతే, ఇంట్లో చేశాం కదా అని చక్కెర తగ్గిపోదు. పీనట్ బటర్‌లో ఉన్నంత ప్రొటీన్ ఇందులో లేదు, వంద గ్రాములకి మూడు గ్రాములు కూడా ఉండదు. కాబట్టి టిఫిన్‌లా కాకుండా స్వీటులా చూడండి. కాల్చిన బ్రెడ్ మీద పల్చగా రాసి అరటిపండు ముక్కలు పెడితే చాలా బాగుంటుంది. చపాతీ మీద వేడిగా ఉండగా రాసి చుట్టి ఇస్తే పిల్లలు మారు మాట్లాడకుండా తినేస్తారు. దోసె మీద వేసేవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం ఆ పులుపూ ఈ తీపీ కుదరలేదు. సీసాలో గట్టిపడితే వేడినీళ్ళ గిన్నెలో సీసాని మూత పెట్టే నిలబెట్టండి, ఐదు నిమిషాల్లో మళ్ళీ జారుతుంది. మూత తీసే ముందు సీసా బయటి తడి మాత్రం తుడవండి.